జాడ పోయి గురి మిగిలిన వేట

ఫ్రాన్స్‌లోని లాస్కో గుహ 1940లో బయటపడింది. దాదాపు 17 వేల ఏళ్ల నాటి ఆ గోడల మీద గుర్రాలు, అడవిదున్నలు, దుప్పులు వందల్లో ఉన్నాయి. ఆ మనుషులు తిని పారేసిన ఎముకలు కూడా అక్కడే దొరికాయి. వాటిలో చాలావరకు రెయిన్‌డీర్ అనే మంచు ప్రదేశాల జింకవి. గోడల మీద రెయిన్‌డీర్ బొమ్మ మాత్రం వెతికితే ఒక్కటి కనిపిస్తుంది. రోజూ తిన్నదాన్ని గీయలేదు, గీసినవాటిని అంతగా తినలేదు. బొమ్మ గీస్తే జంతువు చిక్కుతుందన్న నమ్మకంతోనే ఇవన్నీ వేశారని ఒకప్పుడు గట్టిగా చెప్పేవారు. ఆ వాదనకు ఈ ఎముకలే పెద్ద అడ్డం.

పైగా ఈ బొమ్మల్లో వేటగాడు దాదాపు కనబడడు. లాస్కోలో బావిలా లోతుగా ఉన్న ఒక మూల, పేగులు బయటపడ్డ అడవిదున్న ఎదుట ఒక మనిషి వెల్లకిలా పడి ఉంటాడు. అతనిది పక్షి తల. ఇండోనేషియాలోని సులవేసి దీవిలో ఇంతకంటే ఎంతో పాత దృశ్యం ఉంది. అడవిపందులనూ, అనోవా అనే పొట్టి దున్నలనూ చిన్న చిన్న ఆకారాలు ఈటెలో తాళ్లో పట్టుకుని ఎదుర్కొంటున్నట్టు ఉంటుంది. 2019లో దీని వయసు కనీసం 43,900 ఏళ్లని లెక్కగట్టారు. 2024లో కొత్త పద్ధతిలో కొలిచి కనీసం 48 వేల ఏళ్లన్నారు. ఆ ఆకారాలు కూడా అచ్చమైన మనుషులు కావు. ఒకదానికి పక్షి ముక్కులాంటిది, ఇంకొకదానికి తోకలాంటిది ఉన్నాయి. మధ్యప్రదేశ్‌లోని భీంబేట్కా రాళ్ల మీద ఒకచోట కొమ్ములున్న పెద్ద పంది మనిషినే తరుముతోంది. స్పెయిన్ తూర్పు ప్రాంతపు రాతిబొమ్మల్లో విల్లు పట్టి పరిగెత్తే మనుషులు గుంపులుగా ఉంటారు గానీ వాళ్లలో ఇతనే నాయకుడని వేరుచేసి చూపించగలిగినవాడు సాధారణంగా కనిపించడు. వేటగాడిని వీరుడిగా నిలబెట్టడం చాలా తర్వాత మొదలైంది. అదీ వేటాడకపోయినా పూట గడిచేవాళ్ల దగ్గర మొదలైంది.

ఈ మార్పు అర్థం కావాలంటే వేటను రెండు పనులుగా విడదీసి చూడాలి. ఒకటి జాడ తీయడం, రెండోది గురి చూడటం. మొదటిదానికి గంటలు, ఒక్కోసారి రోజులు పడతాయి. రెండోది క్షణాల్లో అయిపోతుంది. ఆఫ్రికా ఖండం దక్షిణాన ఉన్న కలహారి ఎడారిలో శాన్ తెగ వేటగాళ్లు కూడూ అనే పెద్ద జింకను మిట్టమధ్యాహ్నపు ఎండలో గంటల తరబడి వెంటాడి, అది వేడెక్కి ఇక కదలలేని స్థితికి వచ్చేదాకా నడిపించేవారు. ఆ పరుగులో జంతువు చాలాసేపు కంటికి కనబడదు. కనబడేది గిట్టల ముద్ర, వంగిన గడ్డి, చెదిరిన ఇసుక మాత్రమే. దాన్ని బట్టి అది ఎంత అలిసిందో, ఎటు తిరుగుతుందో ఊహించాలి. నేల, గాలి, ఎండ, పక్షి అరుపు అన్నీ పట్టించుకోవాలి. జాడ తీసేవాడి చూపు నాలుగు దిక్కులా తిరుగుతూ ఉంటుంది. గురి చూసేవాడికి అలా కుదరదు. అతను ఒక కన్ను మూసి మరీ ఒక్క బిందువు మీద నిలుస్తాడు.

ఇటలీ చరిత్రకారుడు కార్లో గింజ్‌బర్గ్ 1979లో ఒక వ్యాసంలో మంచి ఊహ చేశాడు. కథ చెప్పడం బహుశా వేటగాడితోనే మొదలై ఉంటుందన్నాడు. మూగ గుర్తులను చూసి, వాటి వెనక ఒకదాని తర్వాత ఒకటి ఏం జరిగిందో అల్లగలిగింది అతనొక్కడే కదా. 'ఇటుగా ఒకటి వెళ్లింది' అన్న వాక్యంలో అప్పటికే ఒక కథ ఉంది. దీన్ని రుజువు చేయడం ఎవరివల్లా కాదు, అయినా కొట్టిపారేయబుద్ధి కాదు. చాలా దేశాల్లో తిరిగే తప్పిపోయిన ఒంటె కథ కూడా ఇలాంటిదే. ఒంటెను కంటితో చూడకుండానే, దారిలో మేసిన గడ్డిని, పడిన అడుగులను బట్టి అది ఒంటికన్నుదనీ కుంటిదనీ చెప్పేసిన తెలివైనవాళ్లు దొంగలుగా అనుమానం పాలవుతారు. అన్నదమ్ముల పేర్లూ రాజుగారి ఊరూ మారతాయి గానీ ఒంటె నడక మారదు.

రాజుల వేట

రాజు వేటలో జాడ తీసే పని ఇంకొకరిది. అస్సిరియా (ఇప్పటి ఇరాక్ ప్రాంతం) రాజు అషుర్‌బనిపాల్ నినెవే కోటలో చెక్కించిన సింహాల వేట ఇందుకు గట్టి సాక్ష్యం. క్రీస్తుపూర్వం 645–635 ప్రాంతంలో చెక్కిన ఆ రాతి పలకలు ఇప్పుడు లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. వాటిలో ఒక మూల చిన్న బోను పైనుంచి ఒకడు తలుపు ఎత్తుతుంటే సింహం బయటికి వస్తుంది. చుట్టూ డాళ్లు పట్టిన సైనికులు, వేటకుక్కలు వరుస కట్టి నిలబడతారు. చూడటానికి జనం గుట్టెక్కుతారు. అంటే అది అడవి కాదు, మైదానంలో ఏర్పాటు చేసిన ప్రదర్శన. సింహం ఎక్కడుందో వెతకాల్సిన పని రాజుకు లేదు. బోను తెరవగానే బాణం వేయడమే మిగిలింది. ఆ తర్వాత చచ్చిన సింహాల మీద పానీయం ధారపోసి దేవతలకు అర్పించడం.

అయితే ఈ పలకల్లో ఎక్కువమంది గుర్తుపెట్టుకునేది రాజును కాదు. వెన్నులో బాణాలు దిగి, వెనక కాళ్లు చచ్చుబడి, ముందు కాళ్ల మీద శరీరాన్ని ఈడ్చుకుంటూ గర్జిస్తున్న ఆడ సింహాన్ని గుర్తుపెట్టుకుంటారు. రాజు ముఖం ఎక్కడ చూసినా ఒకేలా, ఏ భావమూ లేకుండా ఉంటుంది. సింహాలు మాత్రం ఒక్కొక్కటి ఒక్కోలా చస్తాయి. శిల్పి జాలిపడి అలా చెక్కాడా, లేక శత్రువు ఎంత బలమైనదైతే రాజు అంత గొప్పవాడవుతాడన్న లెక్కతో చెక్కాడా అన్నది తేలని ప్రశ్న. రెండో కారణమే ఎక్కువ సబబుగా తోస్తుంది. కానీ ఆ లెక్కతో చెక్కాలన్నా సింహం నొప్పిని అంత దగ్గరగా గమనించక తప్పదు. ఆ గమనింపు రాజు ఆజ్ఞను దాటిపోయింది.

లెక్కలు కూడా రాజుల వేటలోనే పుట్టాయి. ఈజిప్టు రాజు మూడో అమెన్‌హోటెప్ తన పాలన తొలి 10 ఏళ్లలో వందకు పైగా సింహాలను చంపానని పేడపురుగు ఆకారపు తాయెత్తుల మీద చెక్కించి పంచిపెట్టాడు. జహంగీర్ తన 12వ ఏట నుంచి 50వ ఏట దాకా తన సమక్షంలో 28,532 జంతువులు, పక్షులు వేటకు చిక్కాయనీ, అందులో 17,167 తన చేతులతో కొట్టినవేననీ ఆత్మకథలో రాసుకున్నాడు. లెక్క రాసేవాడు పక్కనే ఉంటే తప్ప ఇంత కచ్చితంగా చెప్పలేరు. గుప్తులు ఈ గొప్పను బంగారు నాణేల మీదికి ఎక్కించారు. సముద్రగుప్తుడు పులిని కొట్టే నాణెం మీద 'వ్యాఘ్రపరాక్రమ' అని ఉంటుంది. ఆ నాణెం ఎవరి చేతిలో పడితే వాళ్లకు రాజు ఎలాంటివాడో వేరే చెప్పక్కర్లేదు.

టిప్పు సుల్తాన్ ఇదే బొమ్మను తలకిందులు చేయించాడు. కింద వెల్లకిలా పడిన యూరోపియన్ సైనికుడు, మీద పులి. పిడి తిప్పితే మనిషి చెయ్యి కదులుతుంది, మూలుగు వినిపిస్తుంది. 1799లో శ్రీరంగపట్నం పడిపోయాక ఆ కొయ్యపులి లండన్‌కు చేరి ఇప్పుడు విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. వేట బొమ్మలో ఎవరు పైన ఉంటే రాజ్యం వాళ్లదన్న సంగతి ఇరుపక్షాలకూ బాగా తెలుసు.

అక్బర్ కాలంలో ఖమర్గా అనే వేట ఉండేది. వేలమంది పెద్ద వలయంలా నిలబడి జంతువులను రోజుల తరబడి లోపలికి తోలుకొస్తారు. వలయం బాగా చిన్నదయ్యాక ముందుగా చక్రవర్తి లోపలికి దిగుతాడు. 1578లో ఇప్పటి పాకిస్తాన్‌లోని భేరా దగ్గర ఇలాంటి వలయం దాదాపు పూర్తయిన సమయంలో అక్బర్ ఉన్నట్టుండి వేట ఆపించి, చిక్కినవాటన్నిటినీ వదిలేయమన్నాడు. ఆయనకు ఏదో దివ్యమైన ఆవేశం కలిగిందని ఆస్థాన చరిత్రకారుడు అబుల్ ఫజల్ రాశాడు. కారణం ఏదైనా, వేట చిత్రాలు గీయించడంలో పేరుపొందిన ఆస్థానమే ఆగిపోయిన ఈ వేటనూ చరిత్రలో నమోదు చేసింది.

అంతకు 18 శతాబ్దాల ముందే అశోకుడు ఈ పని ఒక విధానంగా చేశాడు. ఇంతకుముందు రాజులు విహారయాత్రలకు వెళ్లేవారు, వేట, అలాంటి వినోదాలు ఉండేవి, తాను మాత్రం వాటి బదులు ధర్మయాత్రలు మొదలుపెట్టానని ఎనిమిదో శిలాశాసనంలో చెప్పుకున్నాడు. దాన్ని ప్రజలందరూ చదివే రాతి మీద చెక్కించాడంటే, రాజు వేటకు వెళ్లకపోవడం కూడా వెళ్లడమంత పెద్ద వార్తేనన్నమాట.

వ్యసనమా, వ్యాయామమా

మన పాత గ్రంథాలు వేటను సప్తవ్యసనాల్లో చేర్చాయి. అలా చేర్చినా వాదన తెగలేదు. అర్థశాస్త్రంలో ఒక చర్చ ఉంది. వేట, జూదం రెండిటిలో ఏది ఎక్కువ చెడ్డది? పిశునుడు అనే ఆచార్యుడు వేటేనంటాడు. దొంగలు, శత్రువులు, ఏనుగులు, కార్చిచ్చు, దారి తప్పడం, ఆకలిదప్పులు ఇవన్నీ అతని కారణాలు. కౌటిల్యుడు ఒప్పుకోడు. వేట వల్ల ఒళ్లు కరుగుతుంది, కదిలే గురినీ కదలని గురినీ కొట్టడం అలవాటవుతుంది, జంతువులకు కోపం ఎప్పుడొస్తుందో భయం ఎప్పుడొస్తుందో తెలుస్తుంది, జూదంలో ఇవేవీ లేవంటాడు. కాళిదాసు శాకుంతలంలో సేనాపతి చేత దాదాపు ఇదే వాదన చెప్పించాడు. వేటను వ్యసనమనడం వట్టి మాట, ఇంత వినోదం ఇంకెక్కడుందంటాడు సేనాపతి. రాజు మెప్పు కోసం చెప్పే మాటే అది. విదూషకుడు పక్కనుంచి విసుక్కుంటూనే ఉంటాడు.

ఈ వాదన ఎలా తేలినా కథలు మాత్రం తీర్పు ఇచ్చేశాయి. ఇతిహాసాల్లో రాజు వేటకు బయల్దేరాడంటే ఏదో జరగబోతోందని అర్థం, అదీ ఎక్కువగా చెడ్డదే. సరయూ ఒడ్డున చీకట్లో నీళ్ల బుడబుడ విని, ఏనుగు నీళ్లు తాగుతోందనుకుని దశరథుడు శబ్దాన్ని బట్టి బాణం వేస్తాడు. తగిలింది కడవ ముంచుతున్న మునికుమారుడికి. జతకట్టిన జింకలను చూసి పాండురాజు బాణాలు వేస్తే అవి జింకలు కావు, జింక రూపంలో ఉన్న కిందముడనే మునీ అతని భార్యా. పరీక్షిత్తు వేటలో అలిసి, దాహంతో శమీకుడి దగ్గరికొచ్చి, ధ్యానంలో ఉన్నవాడు పలకలేదన్న కోపంతో చచ్చిన పామును అతని మెడలో వేస్తాడు. రాముడు బంగారు జింక వెంట వెళ్తాడు. అది మారీచుడి మాయేనని లక్ష్మణుడు ముందే హెచ్చరించాడు.

వీళ్లలో గురి తప్పినవాడు ఒక్కడూ లేడు. దశరథుడి బాణం సరిగ్గా శబ్దం వచ్చిన చోటే తగిలింది. పాండురాజు బాణాలూ తగిలాయి. రాముడి బాణానికి మారీచుడు పడిపోయాడు. తప్పు గురిలో లేదు, జాడలో ఉంది. ఆ శబ్దం దేనిదో, ఆ జింక ఎవరో, ఆ ముని ఎందుకు పలకలేదో చదవడం దగ్గర వాళ్లు తప్పారు. రాజులకు జాడ చదివే అలవాటు లేదు, ఆ పని చేసేవాళ్లు ఎప్పుడూ వేరే ఉంటారు. వాళ్లు వెనకబడిపోయి రాజు ఒంటరిగా మిగిలినప్పుడే ఈ కథలన్నీ జరుగుతాయి. ఇది కథకులు కావాలని చేసిన ఏర్పాటే. పరివారం పక్కనే ఉంటే శాపం తగిలే సందు ఉండదు.

దుష్యంతుడిది కాస్త వేరు. మెడ వెనక్కి తిప్పి చూస్తూ, సగం నమిలిన దర్భలు నోట్లోంచి జారిపోతుండగా పరిగెత్తే జింక వర్ణనతో శాకుంతలం మొదలవుతుంది. వేటాడేవాడి నోట ఇంత దగ్గరగా చూసిన జింక బొమ్మ రావడం కాళిదాసు తెలివి. ఇది ఆశ్రమ మృగం, చంపకూడదు, చంపకూడదని మునులు అడ్డొస్తే దుష్యంతుడు బాణం దించుతాడు. అంతా బాగానే ఉందనిపిస్తుంది. తర్వాత అతను శకుంతలనే మరిచిపోతాడు. మళ్లీ గుర్తొచ్చేది ఉంగరం దొరికాక. అది దొరికింది ఒక జాలరికి, చేపను కోసినప్పుడు దాని కడుపులో. రాజభటులు అతన్ని దొంగ అంటూ కొట్టుకుంటూ తీసుకొస్తారు, కులవృత్తిని వెక్కిరిస్తారు. పుట్టుకతో వచ్చిన పనిని నిందించారని ఎవరూ వదులుకోరని అతను జవాబిస్తాడు. సరదాకి వేటాడే రాజు పోగొట్టుకున్న ఆనవాలును పొట్టకూటికి వేటాడేవాడు తెచ్చిచ్చాడు.

ఇదే చూపుతో ద్రోణుడి పరీక్షను మళ్లీ చదివితే ఇబ్బందిగానే ఉంటుంది. చెట్టు మీది పిట్టకు గురిపెట్టి ఏం కనిపిస్తోందని అడిగితే అర్జునుడు పిట్ట తల తప్ప ఇంకేమీ కనబడటం లేదంటాడు. చెట్టు, కొమ్మలు, గురువు, అన్నదమ్ములు కనిపిస్తున్నాయన్న ధర్మరాజు పరీక్ష తప్పుతాడు. ఏకాగ్రతకు ఈ కథనే ఉదాహరణగా పిల్లలకు చెబుతారు. విలువిద్యకు అది సరైన జవాబే. కానీ అర్జునుడి తండ్రి శాపం పాలైంది కూడా ఇలా ఒక్కదాన్నే చూసినందుకే. అదే పర్వంలో నిషాదుల బిడ్డ ఏకలవ్యుడూ కనిపిస్తాడు. మొరుగుతున్న కుక్క నోట్లో ఏడు బాణాలు నింపేస్తాడు. నోరు మూతపడిన కుక్క పరిగెత్తుకుంటూ పాండవుల దగ్గరికి తిరిగివస్తుంది. శబ్దాన్ని బట్టి కొట్టే ఆ నేర్పుకు వాళ్లు నివ్వెరపోతారు. దశరథుడికీ వచ్చిన విద్యే అది. రాజు చేతిలో మునికుమారుడు చచ్చిపోయాడు, అడవివాడి చేతిలో కుక్క కూడా బతికింది. బొటనవేలు ఇచ్చుకోవాల్సి వచ్చింది మాత్రం అడవివాడే.

భక్తి కథల్లో వేటగాడికి దక్కిన చోటు రాజసభల్లో దక్కలేదు. ధూర్జటి చెప్పిన తిన్నడు శివుడికి మాంసం నైవేద్యం పెడతాడు, శివుడి కంట నెత్తురు కారితే తన కన్ను పెకలించి ఇస్తాడు. రెండో కన్ను ఇవ్వబోతూ, చూపు లేకపోతే ఎక్కడ పెట్టాలో తెలియదని కాలితో గుర్తు పెట్టుకుంటాడు. ప్రాణం లాంటి కన్ను ఇచ్చేటప్పుడు కూడా ఆనవాలు పెట్టుకోవడం మరవని మనిషి అతను. కిరాతార్జునీయంలో శివుడే వేటగాడై వచ్చి, ఒకే పందికి రెండు బాణాలు తగిలాక ఇది నాదంటే నాదని అర్జునుడితో తగువు పడతాడు. అహోబిలంలో నరసింహస్వామి పారువేట పేరుతో పల్లకిలో నలభై రోజులకు పైగా ఊళ్లు తిరుగుతాడు. పేరు వేట, వెళ్లే పని చెంచులక్ష్మితో తన పెళ్లికి రమ్మని జనాన్ని పిలవడం. ఇంతకంటే మెత్తటి వేట ఇంకెక్కడా ఉండదేమో.

వేటగాడే వేట కావడం

గ్రీకు కథల్లో అక్టియన్ అనే వేటగాడు అడవిలో పొరపాటున వేటదేవత ఆర్టెమిస్ స్నానం చేస్తుండగా చూస్తాడు. ఆమె అతన్ని దుప్పిగా మార్చేస్తుంది. అతను పెంచిన కుక్కలే తరిమి చీల్చేస్తాయి. రోమన్ కవి ఓవిడ్ ఆ కుక్కల్లో ముప్పైకి పైగా పేర్లు వరసగా చదువుతాడు. అవన్నీ అక్టియన్‌కు తెలిసిన పేర్లే. 'నేను అక్టియన్‌ని' అని అరవాలనుకుంటాడు, దుప్పి గొంతులోంచి మాట రాదు. ఇటలీ చిత్రకారుడు టిషన్ గీసిన చిత్రంలో అతని తల అప్పటికే దుప్పిది, ఒళ్లు ఇంకా మనిషిది. కుక్కలు మీద పడుతున్నాయి. లాస్కోలోని పక్షితల మనిషికీ ఇతనికీ మధ్య 16 వేల ఏళ్లకు పైగా దూరం ఉంది. ఆ గుహను గీసినవాళ్లకు సగం జంతువు కావడం బహుశా వేటలో భాగమేమో. టిషన్ కాలానికి అది శిక్షగా మారింది.

మామూలు వేటగాళ్లు యూరప్ చిత్రాల్లో అరుదు. 1565లో బ్రూగెల్ గీసిన మంచు చిత్రంలో ముగ్గురు వేటగాళ్లు తలలు వంచుకుని ఇంటికి పోతుంటారు. కుక్కలు కూడా నీరసంగా ఉంటాయి. ముగ్గురికీ కలిపి దక్కింది ఒక నక్క. కింద గడ్డకట్టిన చెరువు మీద జనం ఆడుకుంటుంటారు, వీళ్లను ఎవరూ పట్టించుకోరు. జహంగీర్ లెక్కల పక్కన పెట్టి చూడాల్సిన చిత్రం ఇది.

వెంటపడటం

వేట మాటలు భాషలో చాలా దూరం వచ్చేశాయి. జాడ, ఆచూకీ, ఆనవాలు, పసిగట్టడం పోలీసులకూ విలేకరులకూ దక్కాయి. గురి, ఎర, వల, ఉచ్చు, మాటు రాజకీయాలకూ వ్యాపారాలకూ చేరాయి. ఓట్ల వేట, పతకాల వేట, ఉద్యోగ వేట పేపర్లలో రోజూ కనిపిస్తాయి. సేల్స్ ఉద్యోగికి నెలనెలా టార్గెట్ టెన్షన్. వేట అంటే ఇంకా బతుకుతెరువే అన్న అర్థం నిలిచింది సముద్రం మీద. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం అంటే చేపల వేటే. మత్స్యకారులు పడవ దించితే 'వేటకు పోయారు' అంటారు, అందులో గొప్పా లేదు తప్పూ లేదు.

ఈ మాటలు ప్రేమలోకి వచ్చినప్పుడే చిక్కు. కళ్లను బాణాలనీ, చూపును వల అనీ, ప్రేయసిని బెదిరిన లేడి అనీ కవులు వందల ఏళ్లు అన్నారు. చాలాసార్లు కవిత్వంలో వేటాడేది ఆమె చూపు, గాయపడేది అతను. ఆ మేరకు అది మర్యాదగానే ఉంది. సినిమాల్లో అది తిరగబడింది. హీరో వెంటపడతాడు, ఆమె కాదంటుంది, అతను ఇంకా వెంటపడతాడు, చివరికి అదే ప్రేమ అయిపోతుంది. 'కాదు' అన్న మాట కథకు అడ్డంకిగా కాక రుచిగా పనికొచ్చింది. ఇక్కడా గురి ఉంది, జాడ చదవడం లేదు. ఎదుటి మనిషి ముఖంలో, మాటలో, దారి మార్చుకుని వెళ్లిపోవడంలో ఉన్న గుర్తులన్నీ చదవక్కర్లేదన్నట్టు కథ నడుస్తుంది.

గ్రీకు కథలో అపోలో కూడా ఇలాగే డాఫ్నే వెంటపడతాడు. ఆమె తప్పించుకోలేక తండ్రిని వేడుకుని చెట్టుగా మారిపోతుంది. బెర్నీని 1622–25లో చెక్కిన పాలరాతి శిల్పంలో అపోలో చెయ్యి ఆమెను తాకిన క్షణానే ఆమె ఒంటి మీద బెరడు కమ్ముకుంటోంది, వేళ్ల కొసల్లో ఆకులు మొలుస్తున్నాయి. అతని ముఖంలో గెలిచిన కళ ఇంకా పోలేదు. ఆమె నోరు తెరిచి ఉంది. శిల్పం చుట్టూ తిరిగి చూస్తే ఒక వైపు నుంచి ప్రేమలా, ఇంకో వైపు నుంచి భయంలా కనిపిస్తుంది.

భారత చట్టంలో వెంటపడటం 2013లో విడిగా నేరమైంది. శిక్షాస్మృతిలో 354డి సెక్షన్‌గా వచ్చి, 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 78వ సెక్షన్ అయింది. మొదటిసారి నేరం రుజువైతే మూడేళ్ల దాకా, మళ్లీ చేస్తే ఐదేళ్ల దాకా జైలు పడవచ్చు. ఒక స్త్రీ తనకు ఇష్టం లేదని స్పష్టంగా తెలిపాక కూడా పదేపదే వెంబడించి మాట కలపాలని చూడటాన్ని ఆ సెక్షన్ నేరమంటుంది. చట్టం భాష పొడిగానే ఉంటుంది గానీ అది అడిగేది ఈ జాడ గురించే. ఆమె చెప్పింది, నువ్వు చదివావా లేదా? 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కూడా వేట అంటే చంపడం ఒక్కటే అనదు. వల పన్నడం, ఎర వేయడం, తోలడం, ఇవి చేయబోవడం కూడా దాని నిర్వచనంలో వేటే. ఏమీ చిక్కకపోయినా వెంటాడినందుకు లెక్క చెప్పాలి.

తెర మీద పరుగు

సినిమాకు మాత్రం వెంటాడటం చాలా మేలు చేసింది. 1900 తర్వాతి కొన్నేళ్లలో ఒకడు పరిగెత్తడం, పదిమంది వెంటపడటం అనే చిన్న సినిమాలు కుప్పలుగా వచ్చాయి. కెమెరా ఒకచోటే ఉంటే పరుగు రెండు క్షణాల్లో దాటిపోతుంది. అందుకే ఒక చోటి నుంచి ఇంకో చోటికి షాట్ మార్చాల్సి వచ్చింది. ఇక్కడ ఎడమవైపు బయటికి పోయినవాడు అక్కడ కుడివైపు నుంచి రావాలని ప్రేక్షకుడికి అలవాటు చేయాల్సి వచ్చింది. తరిమేవాడినీ పరిగెత్తేవాడినీ మార్చి మార్చి చూపించడం, వాళ్ల మధ్య దూరాన్ని కోత వేగంతో తగ్గించడం ఇలా ఎడిటింగ్ నడక చాలావరకు ఛేజ్ సీన్లలోనే నేర్చుకున్నది. ఇందులో ప్రేక్షకుడికి రెండు చూపులూ దొరుకుతాయి. వేటగాడి గురి కనిపిస్తుంది, అతనికి కనబడనిదీ కనిపిస్తుంది. టెన్షన్ అంతా ఆ తేడాలోంచే వస్తుంది.

వీడియో గేమ్స్‌లో ఈ తేడాను లెక్కల్లో పెట్టిన తొలి ఉదాహరణల్లో 1980 నాటి ప్యాక్‌మన్ ఒకటి. చిక్కుదారుల్లో గుళికలు మింగుతూ పోయే ఆటగాడిని నాలుగు దయ్యాలు తరిమే ఆట అది. ఆ నాలుగూ ఒకేలా తరమవు. ఎర్రది నేరుగా ఆటగాడున్న గడికే గురిపెడుతుంది. గులాబీది ఆటగాడు వెళ్తున్న దిశను చూసి నాలుగు గళ్ల ముందుకు పోయి మాటు వేస్తుంది. ఎర్రదాన్ని తప్పించుకోవాలంటే మలుపులు తిరిగితే చాలు, గులాబీదాన్ని తప్పించుకోవాలంటే అది తన గురించి ఏం ఊహిస్తోందో ఊహించాలి. ఇవి ఆగకుండా తరమవు, మధ్యమధ్య కొన్ని సెకన్లు వెనక్కి తగ్గి తలో మూలకు పోతాయి. పెద్ద గుళిక మింగితే కాసేపు దయ్యాలే నీలంగా మారి పారిపోతాయి, అప్పటిదాకా పరిగెత్తినవాడు వాటి వెంటపడతాడు. చాలామంది ఆటగాళ్లు అప్పుడు కూడా చచ్చిపోతారు. ఒక దయ్యాన్ని పట్టుకునే హడావిడిలో గడువు అయిపోతోందని అవి మెరిసి చూపిస్తున్నా గమనించరు.